అంగడియు గిడ్డంగియు

1792లో లండను నగరమందలి యొక చిన్న వీథిలో వార్తాపత్రికల నమ్ము దుకాణమొకటి వెలసినది. ఆ దుకాణమే కాలక్రమమున రైలుస్టేషనులలో పుస్తకశాలలు నెలకొల్పి, ఇంగ్లండునందలి పట్టణములన్నింట శాఖలు నిల్పి, డబ్ల్యు. హెచ్. స్మిత్ అను పేర లోకప్రసిద్ధి గాంచెను. 2025వ సంవత్సరమున ఆ కంపెనీవారు పట్టణవీథులలోని దుకాణములను, దాదాపు 480 టిని, మఱియొక సంస్థకు విక్రయించిరి. పేరు మాత్ర మమ్మలేదు. రైలుస్టేషనులయందును విమానాశ్రయములయందును వర్తకము లాభకరముగ నున్నది గావున ఆ పేరచట నిలిచినది. వీథులలో మాత్రము పేరుపలకలు దిగినవి. పత్రికలమ్మి పెరిగిన యంగడి గనుక ఈ వార్త పత్రికారచయితలమైన మాకు కొంత మనస్తాపము కలిగించినమాట నిజము. అయినను ఒక యంగడి పేరు మారుట గొప్ప విషయము గాదు. ఆ పలకల వెనుక నడచుచున్న మార్పు గొప్పది. అది మన గుమ్మమునకును వచ్చియున్నది. కావున దానిని గూర్చి కొంత విచారింపదలచితిమి.

ఆంగ్లేయులు అంగళ్లవారి జాతి యని పదునెనిమిదవ శతాబ్దినుండియు లోకమున నొక వాడుక గలదు. అది మనకు అనుభవపూర్వకముగ తెలిసిన సంగతియే. 1611లో వారు మన మచిలీబందరు రేవున దిగి మొదట నేర్పఱచుకొన్నది కోట గాదు, సరకుల గిడ్డంగి. కోటలును కచేరీలును తరువాత వచ్చినవి. ఆంగ్లభాషలోని 'గోడౌను' అను మాటయే మన తెలుగు గిడ్డంగికిని తమిళుల కిడంగునకును సంబంధించిన దనియు, మలయా రేవులమీదుగ ఐరోపా వర్తకుల నోట బడిన దనియు నిఘంటుకర్తలు చెప్పుచున్నారు. నేడా గిడ్డంగి వారి యంగళ్లమీదికే తిరిగినది. ఇందు మనము సంతోషింపదగిన దేమియు లేదు. వారి వీథులను ఖాళీచేయుచున్న గిడ్డంగి బెజవాడ చుట్టును, హైదరాబాదు చుట్టును, విశాఖపట్టణము చుట్టును కూడ లేచియున్నది.

ఇంగ్లండునందు పట్టణమధ్యమున నుండు ముఖ్యవీథిని 'హైస్ట్రీటు' అందురు. మన పెదబజారు వంటిది. బట్టల యంగడి, మందుల దుకాణము, రొట్టెల దుకాణము, బ్యాంకు, తపాలాకచేరి మొదలుగా ఊరి జీవనమంతయు నా వీథిలోనే యుండెడిది. 2008 చివర ఉల్‌వర్త్స్ అను ప్రఖ్యాత సంస్థ కూలినది. 1909లో లివర్‌పూలున మొదలై నూఱేండ్లు నడచిన యా సంస్థకు చెందిన 807 దుకాణములు 2009 జనవరి 6వ తేదినాటికి మూతపడగా, దాదాపు 27,000 మంది పని గోల్పోయిరి. 2016లో బి. హెచ్. ఎస్. పడినది, 11,000 మంది వీథిన బడిరి. 2020 నవంబరున టాప్‌షాపు దుకాణముల యజమానియగు ఆర్కేడియా దివాలాతీసినది. 1778లో పుట్టిన డెబెన్‌హామ్స్ దుకాణములలో కడపటివి 2021 మే నెలలో మూతపడినవి. 2023లో విల్కో వంతు వచ్చినది. 400 దుకాణములు, 12,000 మంది పనివారు. బ్యాంకులును వీథిని విడిచినవి. 2015 మొదలు ఆ దేశమున మూతపడిన బ్యాంకుశాఖలు 6,000 కు మించినవని యచటి వినియోగదారుల సంఘము లెక్కకట్టినది.

దీనికి కారణమేమని యెవ్వరి నడిగినను చేతిలోని సెల్‌ఫోనును జూపెదరు. ఆ మాటలో నిజము లేకపోలేదు. 2008లో బ్రిటనునందలి చిల్లర వర్తకమున అంతర్జాలముమీద నడచినది ఇరువదవవంతు మాత్రమే. 2019 నాటికది అయిదవవంతైనది. కరోనా కాలమున, 2021 ఆరంభమున, మూడవవంతును మించినది. తరువాత కొంత తగ్గి నాల్గవవంతునకు కొంచెము పైని నిలిచినది. ఈ క్రొత్త వర్తకమువలన కలిగిన మేలును మేము కాదనము. అంగడివాడు చెప్పినదే వెలయై, ఉన్న నాలుగు రకములలోనే యేరుకొనవలసిన దినములు మాకింకను జ్ఞప్తియందున్నవి. మారుమూల గ్రామమందలి విద్యార్థి తనకు వలసిన పుస్తకమును, మంచముపట్టిన వృద్ధురాలు తన మందును ఇల్లు కదలకుండ తెప్పించుకొనగలుగుట సామాన్యమైన సౌకర్యము గాదు. యంత్రమును నిందించి కూర్చుండుట వివేకుల పద్ధతియు గాదు.

కాని అంతర్జాలమే యంగళ్లను చంపిన దనుటకు అడ్డువచ్చు సంగతులు మూడు గలవు. మొదటిది: ఉల్‌వర్త్స్ కూలిననాడు ఈ క్రొత్త వర్తకము ఇరువదవవంతే యుండెను. ఇరువదవవంతు పోయినంతమాత్రమున నూఱేండ్ల వృక్షము కూలునా? రెండవది పుస్తకముల సంగతి. అమెజాను కంపెనీ 1998లో బ్రిటనున ప్రవేశించినపు డమ్మినవి పుస్తకములే. కావున మొదట చావవలసినవి పుస్తకశాలలు. ఆ దేశమునందును ఐర్లండునందును గల స్వతంత్ర పుస్తకశాలలు 2016 నాటికి 867కు తగ్గిన మాట నిజమే. కాని పిమ్మట పెరిగి, 2022 నాటికి వేయిని దాటి, ఆ మీదట కొంచెము తగ్గియు వేయికి పైగానే నిలిచినవి. అచటి పెద్ద పుస్తకవర్తక సంస్థయగు వాటర్‌స్టోన్సు 2011లో చావుబ్రతుకుల నడుమ నుండెను. క్రొత్తగ వచ్చిన అధిపతి జేమ్సు డాంటు ఏ యూరి శాఖలో నే పుస్తకము లుంచవలయునో ఆ యూరివారికే వదలివేసెను. ప్రకాశకులయొద్ద సొమ్ము తీసికొని వారి పుస్తకములను ముందువరుసను పేర్చు నాచారమును మాన్పించెను. ఆ సంస్థ కోలుకొనినది. చదువరియగు నంగడివాడు చదువరియగు కొనుగోలుదారునితో నాలుగు మాటలాడుట యను నుపకారమును ఏ యంత్రమును చేయజాలకున్నది.

మూడవ సంగతి మనకు దగ్గఱది. 1972లో ఉగాండానుండి వెళ్లగొట్టబడిన భారతసంతతివారు, ముఖ్యముగ గుజరాతీలు, వేలకొలది బ్రిటనునకు జేరిరి. వారిలో పెక్కురు వీథిమూలలందలి చిన్న దుకాణములను కొని, ఇంటిల్లిపాదియు తెల్లవాఱకముందే లేచి, రాత్రి ప్రొద్దుపోవువఱకు తెఱచియుంచి బ్రతికిరి. అట్టి చిల్లర దుకాణములు బ్రిటనున నేటికిని దాదాపు 50,000 గలవు. అందధికభాగము స్వతంత్రుల చేతిలోనివే. మేడలవంటి యంగళ్లు కూలినచోట వీథిమూల దుకాణము నిలిచినది. కావున చిన్నది గనుక చచ్చినది, ప్రాతది గనుక చచ్చినది యను మాట చెల్లదు. చచ్చినవానిని మఱియేదో క్రుంగదీసినది. అదేమో పరిశీలింతము.

మొదటి కారణము యజమానుల దురాశ. డెబెన్‌హామ్స్ చరిత్రను జూడుడు. 2003లో, అప్పుతెచ్చి కంపెనీలను కొని మరల నమ్ముటయే వృత్తిగాగల మూడు ధనసంస్థలు దానిని 170 కోట్ల పౌనులకు పైగా వెచ్చించి కొనినవి. ఆ సొమ్ములో పెద్దభాగము అప్పు. ఆ యప్పును కంపెనీ నెత్తిననే బెట్టిరి. 2005లో 23 దుకాణముల సొంత భవనములను 50 కోట్ల పౌనులకు కొంచెము తక్కువగ నమ్మి, ఆ భవనములనే ముప్పదియేండ్లకు మించిన కాలమునకు, అద్దె యేటేట పెరుగునట్లు, కౌలునకు తీసికొనిరి. సొంతయింటివాడు తన యింటిలోనే యద్దెవా డయ్యెను. యజమానులు మూడేండ్లలో 120 కోట్ల పౌనులు లాభాంశముగ పంచుకొని, 2006లో నూఱుకోట్లకు మించిన యప్పుతో కంపెనీని మరల ప్రజలకు వాటాలుగ నమ్మివేసిరి. తరువాత అంతర్జాలవర్తకము ముదిరి గిరాకి తగ్గినప్పుడు ఆ కంపెనీకి మెలగుటకు చోటు లేదు. భవనములు తనవి గావు, కౌలు విడువరాదు, అప్పుమీది వడ్డి యాగదు. 2021 జనవరిలో బూహూ అను అంతర్జాలవర్తక సంస్థ దుకాణములను విడిచి పేరును మాత్రము 5 కోట్ల 50 లక్షల పౌనులకు కొనినది. నేడా పేరు సెల్‌ఫోనులో మాత్రమే గలదు.

బి. హెచ్. ఎస్. కథయు నిట్టిదే. ఈ శతాబ్ది మొదటి యేండ్లలో దాని యజమానుల కుటుంబమును తోడివాటాదారులును 40 కోట్ల పౌనులకు పైగా లాభాంశము గైకొనిరి. 2015లో ఆ సంస్థను ఒక్క పౌనుకు అమ్మివైచిరి. మఱుసటియేడది కూలినప్పుడు పనివారల పింఛను నిధిలో 57 కోట్ల 10 లక్షల పౌనుల లోటు బయటపడినది. పార్లమెంటు సంఘము విచారణ జరిపి గట్టిగ మందలించిన పిదప 2017లో పూర్వయజమాని 36 కోట్ల 30 లక్షల వఱకు చెల్లించుటకు సమ్మతించెను. రసము పిండి పిప్పి మిగిల్చిన చెఱకు ఎండిపోయిన దని యెండను నిందించుట యెట్టిదో, ఈ దుకాణముల పతనమునకు అంతర్జాలమును మాత్రమే నిందించుట యట్టిది.

రెండవ కారణము ప్రభుత్వమువారి పన్ను. ఇంగ్లండునందు వ్యాపారభవనములకు, వాని యేడాది యద్దెవిలువనుబట్టి, ఇంచుమించు సగము మొత్తము పన్నుగ విధించు నాచారము గలదు. వర్తకము జరిగినను జరుగకున్నను, లాభము వచ్చినను రాకున్నను పన్ను తప్పదు. అంగడి ఊరిమధ్య నుండవలసినది, ఊరిమధ్య స్థలము ప్రియము, కావున పన్నెక్కువ. గిడ్డంగి ఊరిబయట పొలములలో రాజమార్గము ప్రక్కన నుండును. అచట గజము చవుక. కావున అంతే సరకు నమ్మినను పన్ను తక్కువ. దీనిపై మఱియొక యన్యాయము. 2010 నుండి వసూలైన పన్నునకు ఆధారము 2008 ఏప్రిలు నాటి యద్దెవిలువలు. అనగా లోకవ్యాప్తమైన యార్థికసంక్షోభమునకు ముందు అద్దెలు మిన్నంటియున్ననాటి విలువలు. 2015లో జరుగవలసిన పునర్విలువకట్టుటను ప్రభుత్వమువారు 2017 వఱకు వాయిదావేసిరి. ఈ నడుమ ఉత్తర ఇంగ్లండు పట్టణములలో అద్దెలు పడిపోయినను, గిరాకి పడిపోయినను, అంగళ్లవారు పోయిన వైభవమునకు పన్ను కట్టుచునే యుండిరి. కరువునాడు కూడ నిండుపంట నాటి శిస్తు గుంజినచో రైతేమగునో మా పాఠకులకు వేఱుగ జెప్పనక్కఱలేదు.

అంతర్జాలవర్తకులమీద పన్ను వేయలేదా యని యడుగవచ్చును. 2020 ఏప్రిలునుండి పెద్ద అంతర్జాల కంపెనీల రాబడిమీద నూటికి రెండువంతుల పన్ను వేసిరి. ఫలితమేమైనది? అమెజాను కంపెనీ ఆ సెప్టెంబరునుండి తన యంతర్జాలసంతలో సరకులమ్ముకొను చిన్నవర్తకుల రుసుమును నూటికి రెండువంతులు పెంచినది. తాను స్వయముగ నమ్ము సరకులకీ పెంపు లేదు. పెద్దవానికై యుద్దేశింపబడిన దెబ్బ చిన్నవాని వీపున బడినది.

ఈ యంతర్జాలసంత యను దాని స్వభావమును గూర్చి యొకమాట చెప్పవలసియున్నది. మన సంతలలో ఆశీలు పాట పాడుకొనిన వానికి ఆశీలు వసూలుచేయు నధికారమే గలదు. ఆ పాటదారుడే సంతమధ్యమున తన సరకు పెట్టుకొని, ఎవ్వని బుట్టలో నేది యెంతకమ్ముడుపోయినదో చీటీలు వ్రాసికొని, మఱునాడదే సరకును తానొక పైస తగ్గించి యమ్మి, తన యంగడికి ముందుచోటును ఇతరులకు మూలచోటును ఇచ్చినచో సంతకు వచ్చిన రైతులూరకుందురా? ఇట్టి యాక్షేపణయే ఐరోపా ప్రభుత్వమండలియొద్దకు వచ్చినది. చిన్నవర్తకుల అమ్మకములను గూర్చిన రహస్యపు లెక్కలను తన సొంత వర్తకమునకు వాడుకొనబోనని అమెజాను 2022 డిసెంబరున ఐరోపాయందును, 2023 నవంబరున బ్రిటనునందును అధికారులకు మాట యిచ్చినది. మాట యీయవలసివచ్చుటయే వ్యవహార మెట్లున్నదో తెలుపుచున్నది.

అంగడి పోయి గిడ్డంగి వచ్చినచో పని పోలేదు గదా, చోటు మారినది గదా యని వాదించువారును గలరు. అంగడియందలి గుమాస్తా పది సంవత్సరములలో మెలకువలు నేర్చి, నలుగురి నెఱిగి, తుదకు తానొక యంగడి పెట్టుకొనగలడు. గిడ్డంగియందలి కూలివాడు ఎన్నియేండ్లు పనిచేసినను నిమిషమునకిన్ని పెట్టెలని యంత్రము లెక్కించు కూలివాడే. కవెంట్రీ పట్టణమందలి అమెజాను గిడ్డంగి పనివారు తమ సంఘమును గుర్తింపజేయుటకై పోరాడి, 2024 జూలైలో జరిగిన యోటింగున 28 ఓట్ల తేడాతో ఓడిపోయిరి. పని మిగిలిన దనుట నిజమే కావచ్చును. పనివాడు పైకెక్కు మెట్లు మాత్రము మిగులలేదు.

ఫ్రాన్సు వేఱుదారి పట్టినది. 1981లో ఆ దేశపు మంత్రి జాక్ లాంగు పేర నొక శాసనము వచ్చినది. దాని ప్రకారము క్రొత్తపుస్తకము వెలను ప్రకాశకుడు నిర్ణయించును. ఎంత పెద్దవర్తకుడైనను నూటికి అయిదుకు మించి తగ్గింపరాదు. అంతర్జాలవర్తకులు వెల తగ్గింపలేక, ఇంటికి ఉచితముగ జేర్చుట యను నుపాయము పన్నిరి. 2014లో ఉచితముగ జేర్చరాదని శాసించిరి. అమెజాను ఒక్క సెంటీము, అనగా యూరోలో నూఱవవంతు, వసూలుచేసి శాసనమును వెక్కిరించినది. ఫ్రెంచివారు నవ్వి యూరకుండలేదు. 2021లో మరల శాసనము చేసి, 35 యూరోలకు లోపలి పుస్తకముల కొనుగోలుకు కనీసము 3 యూరోలు చేర్చుకూలి వసూలుచేయవలెనని 2023 అక్టోబరునుండి యమలు జరిపిరి. ఆ దేశమున స్వతంత్ర పుస్తకశాలలు నేటికిని మూడువేలకు తక్కువగాకుండ నున్నవి. బ్రిటనునందు 1900లో ప్రకాశకు లేర్పఱచుకొనిన యిట్టి వెలల యొడంబడిక 1995లో కూలినది. రెండు దేశములందును అంతర్జాల మొక్కటియే, శాసనములు వేఱు.

ఇంగ్లండును ఇప్పుడు మేల్కొనినది. 2024 డిసెంబరునుండి, రెండేండ్లలో ఏడాదికి పైగా ఖాళీగ నున్న యంగడిని పురపాలకసంఘమే వేలమువేసి, యజమాని యిష్టముతో పనిలేకుండ అయిదేండ్లవఱకు కౌలున కిప్పించు నధికారము పొందినది. 2025లో చేసిన మఱియొక శాసనము ననుసరించి, 2026 ఏప్రిలునుండి అంగళ్లకును భోజనశాలలకును పన్నురేటు తగ్గించి, అయిదులక్షల పౌనులును అంతకు మించియు యద్దెవిలువ గల యాస్తులకు, వానిలో పెద్ద గిడ్డంగులకును, రేటు పెంచవలెనని నిర్ణయమైనది. త్రాసు వంగియున్న దని ప్రభుత్వమే యొప్పుకొనినట్లయినది. అయితే ఉల్‌వర్త్స్ కూలిన పదునేడేండ్లకు గాని యీ జ్ఞానము కలుగలేదు. మన మంతకాలము వేచియుండగలమా?

మన దేశపు సంగతి చూతము. 2012లో విదేశీయులు మన దేశమున బహుళజాతి సరకుల చిల్లర దుకాణములు పెట్టవచ్చునా యను ప్రశ్నమీద పార్లమెంటు దద్దఱిల్లినది. తుదకు నూటికి 51 వంతుల వఱకు విదేశీధనమును అనుమతించిరి. పదికోట్ల డాలర్లకు తక్కువగాని పెట్టుబడి, అందు సగము గిడ్డంగులు మొదలగువానికి, ముప్పదివంతుల సరకు చిన్నపరిశ్రమలనుండి, పైగా రాష్ట్రప్రభుత్వ సమ్మతి అని కఠిననియమములు విధించిరి. సమ్మతించిన రాష్ట్రములలో నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశమును గలదు. ఆ వాకిటినుండి వచ్చినవారు బహుస్వల్పము. మఱుసటియేడు, 2013 జూనులో, అమెజాను అంతర్జాలమార్గమున ప్రవేశించెను. 2007లో బెంగుళూరున మన యువకులు పుస్తకములమ్ముటకు స్థాపించిన ఫ్లిప్‌కార్టును 2018లో అమెరికాకు చెందిన వాల్‌మార్టు 1,600 కోట్ల డాలర్ల కిచ్చి నూటికి 77 వంతులు కొనినది. వీథివాకిట కావలి గట్టిగ నుంచితిమి, పెరటిదారి తెఱచియుండెను.

నియమములు లేవా యనగా, ఉన్నవి. 2016 మార్చిలో కేంద్రప్రభుత్వమువారు, విదేశీ కంపెనీ సంత నడుపవచ్చును గాని తన సరకు తానమ్మరాదు, వెలలను తన చేతిలో నుంచుకొనరాదు, ఒక్క వర్తకుడే నాల్గవవంతునకు మించి యమ్మరాదు అని యాదేశించిరి. కంపెనీలు తమకు వాటాలుగల వర్తకసంస్థలను ముందుంచి వ్యవహారము నడపుకొనినవి. 2018 డిసెంబరున నియమములను బిగించి, 2019 ఫిబ్రవరినుండి అట్టి సంస్థలు అమ్మరాదనిరి. వాటాల యమరికలు మారినవి. ఢిల్లీ వర్తకసంఘము ఫిర్యాదుమీద పోటీ పర్యవేక్షక కమిషను 2020 జనవరిలో అమెజాను, ఫ్లిప్‌కార్టులపై విచారణకు ఉత్తరువిచ్చెను. కొన్ని సెల్‌ఫోను రకములు అంతర్జాలముమీదనే దొరకుట, కొలదిమంది వర్తకులకే ముందుపీట వేయుట, నష్టమునకు సైత మమ్ముట యను నారోపణలు విచారణాంశములు. కంపెనీలు హైకోర్టున కెక్కినవి, సుప్రీముకోర్టున కెక్కినవి. 2021లో విచారణ నాపుటకు న్యాయస్థానములు నిరాకరించినవి. పోటీచట్టమునకు భంగము జరిగినదని విచారణాధికారి నివేదిక తేల్చినట్లు 2024లో వెల్లడియైనది. నియమభంగమేమియు లేదని కంపెనీలు వాదించుచున్నవి. తప్పొప్పులను న్యాయస్థానములు తేల్చవలసినదే. మేము ముందుగ తీర్పు చెప్పబోము. కాని యొక నివేదిక తయారగుటకే నాలుగేండ్లు దాటినచో, అంతవఱకు అద్దె కట్టలేక తాళమువేసిన సెల్‌ఫోను దుకాణదారునకు ఆ న్యాయమెందులకు?

దీనికితోడు విదేశీ యంతర్జాల కంపెనీల రాబడిమీద 2020లో విధించిన నూటికి రెండువంతుల సమీకరణపు పన్నును 2024 ఆగష్టునుండి మనవారు ఎత్తివేసిరి. స్వదేశపు చిన్నవర్తకుని స్థితి యెట్టిది? జి. ఎస్. టి. నియమముల ప్రకారము వీథిలో సరకమ్మువానికి ఒక పరిమితివఱకు రిజిస్ట్రేషను అక్కఱలేదు. అతడే అంతర్జాలసంతలో నమ్మదలచినచో మొదటి రూపాయినుండియే రిజిస్ట్రేషను కావలసియుండెను. స్వరాష్ట్రమున నమ్మువారికి 2023 అక్టోబరునుండి సడలించిరి; పొరుగురాష్ట్రమున కమ్ముటకు బంధనము తొలగలేదు. ఆ విధముగ క్రొత్తసంతలోనికి పోవుటకు చిన్నవానికి అడ్డు, ప్రాతబజారులోనికి వచ్చుటకు పెద్దవానికి దారి ఏర్పడినవి.

ఇటీవల నగరములలో, కొన్ని నిమిషములలో సరకు తెచ్చియిచ్చు కంపెనీలు బయలుదేఱినవి. 2024లో సుమారు రెండులక్షల కిరాణా దుకాణములు మూతపడిన వని అఖిలభారత సరకుల పంపిణీదారుల సమాఖ్య యంచనా వేసినది. అది ఒక పక్షమువారి లెక్క. ప్రభుత్వము జనాభాలెక్కల వలె దుకాణముల లెక్క తీసినగాని నిజము తేలదు. అట్టి లెక్క వెంటనే తీయింపవలసినదని కోరుచున్నాము.

మన కిరాణాదుకాణము తేలికగ చచ్చునది గాదు. పంట చేతికి వచ్చువఱకు రైతునకు ఖాతా వ్రాసికొని ఉప్పుపప్పు లిచ్చునది అదియే. 'అప్పు రేపు' అని పలక తగిలించియు, ఎఱిగినవానికి నేడే యిచ్చునది అదియే. కరోనా నాటి నిర్బంధమున ఊరి నోటికి కూడు పెట్టినదియు నదియే. క్రొత్త యుపాయము లన్నచో మన వర్తకునకు భయము లేదు. 2016లో వచ్చిన యు. పి. ఐ. చెల్లింపును తోపుడుబండివాడు సైతము స్వీకరించి బండికి పలక కట్టుకొనలేదా? బెజవాడ బీసెంటు రోడ్డునందును, రాజమహేంద్రవరము తాడితోట బట్టల బజారునందును, హైదరాబాదు సుల్తాను బజారునందును గుమికూడు జనమును జూచిన వారెవ్వరును బజారు పని తీరినదని చెప్పజాలరు.

అయినను మన లోపములను కప్పిపుచ్చుట దేశభక్తి గాదు. 'అమ్మిన సరకు తిరిగి తీసికొనబడదు' అను పలక మన యంగళ్లలో దేవుని పటము ప్రక్కనే వ్రేలాడుచున్నది. రసీదడిగినచో ముఖము ముడుచుకొను వర్తకు లున్నారు. తూకమున తగ్గించువారు, నకిలీ విత్తనములను, నకిలీ మందులను గట్టిసరకని అంటగట్టువారు లేకపోలేదు. సెల్‌ఫోనులోని కంపెనీ నచ్చని సరకును మాటాడకుండ తిరిగి తీసికొనుచుండగా, మన వర్తకుడు స్వదేశీయత పేరు చెప్పి గిరాకి నడుగరాదు. 1905 నాటి వందేమాతరోద్యమమున మన పెద్దలు విదేశీవస్త్రములను విడువుమనుటతో నాగలేదు. మగ్గములను నిలుపుటకును, స్వదేశీభాండారములను పెట్టుటకును పాటుపడిరి. నినాదముతో మగ్గమాడదు, అంగడియు నడువదు.

మా పాఠకులలో బజారున గదులు కట్టి యద్దెల కిచ్చినవారు పెక్కురు గలరు. వారికొక హితవు. ఏటేట అద్దె పెంచి, అడ్వాన్సులనియు గుడ్‌విల్లులనియు వర్తకుని మూలధనమును ముందుగనే గుంజుకొనువారు డెబెన్‌హామ్స్ భవనముల కథను మఱువకుందురు గాక. అద్దెవాడు దివాలాతీసినచో మిగులునది గోడలే. ఇంగ్లండు వీథులలో నట్టి గోడలకు నేడు వేలము వచ్చినది. ఇక మనలో పెక్కండ్ర బిడ్డలు అమెజాను కంపెనీ 2019లో హైదరాబాదున కట్టిన మహాభవనమునందును, సముద్రము దాటి సియాటిలు నగరమునందును పనిచేయుచున్నారు. ఆ జీతముతో నిలిచిన యిండ్లు మన గ్రామములలో గలవు. వారిని నిందించుట మా యుద్దేశము గాదు. గిడ్డంగి యంత్రమును నడుపగల బుద్ధి మన బిడ్డలయందున్నదనియు, ఆ బుద్ధి మన బజారున కుపయోగపడు మార్గము మనమింకను వెదకలేదనియు మాత్రమే చెప్పుచున్నాము. ఆ మార్గముననే, ఏ కంపెనీ సొత్తును గాని యంతర్జాలసంతగా, ఓ. ఎన్. డి. సి. అను సంస్థను 2021 డిసెంబరున ప్రభుత్వమువారు నెలకొల్పిరి. సంకల్పము మంచిదే. త్రాసు సరిచేయకుండ సంత యొకటి చేర్చినంతమాత్రమున ఫలము లేదు.

ప్రభుత్వములు చేయవలసినవి మూడు. సంత నడుపువాడు సరకమ్మరాదను నియమమును కాగితముమీద గాక నిజముగ నమలుజరుపుట. నియమభంగ విచారణలు ఏడాదిలో ముగియునట్లు గడువు నిర్ణయించుట. పురపాలకసంఘములు ఊరిమధ్యమందలి చిన్నయంగడిపన్నును ఊరిబయటి గిడ్డంగిపన్నుతో పోల్చి, భారమును సమముగ పంచుట. ఇవి దయాధర్మములు గావు. వర్తకున కెవ్వరును వరములీయనక్కఱలేదు. ఇరువురికిని తూనికరాయి యొక్కటి కావలయును.

కొనువారముగ మనకును కొంత విధి గలదు. అయిదురూపాయల తేడాకొఱకు సెల్‌ఫోనున కొని, అర్ధరాత్రి బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు మూలమీది మందులదుకాణమువాని తలుపు తట్టుదుము. ఆ తలుపు వెనుక మనిషి యుండవలెనన్నచో పగటిపూటయు నొకమారు అచటికి పోవలసియుండును. ఇంగ్లండునందలి చిన్నపట్టణములవారు ఈ సంగతిని ఖాళీయైన వీథులలో నడచుచు నేర్చుకొనిరి. మన బజారులలో దీపము లింకను వెలుగుచున్నవి. అవి వెలుగుచుండగనే మన ప్రభుత్వములును, పురపాలకసంఘములును, వర్తకులును తమతమ విధుల నెఱవేర్తురని యాశించుచున్నాము.